ఆహార వ్యాపారపు మస్కట్‌ను వస్తువుల కోసం గీయడం: సమగ్ర మార్గదర్శి

ఆహార వ్యాపారానికి మస్కట్, అంటే దానికి గుర్తుగా నిలిచే బొమ్మ పాత్ర, గీసేవారిలో చాలామంది పనిని తెర మీద మొదలుపెట్టి తెర మీదే ముగిస్తారు. అక్కడ రంగులు మెరుస్తాయి, సన్నని గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, బొమ్మను ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూసుకోవచ్చు. అదే బొమ్మను టోపీ మీద దారంతో కుట్టినప్పుడు రెండు కళ్లూ కలిసిపోవడం, నూలు సంచి మీద అచ్చు వేసినప్పుడు గీతలు చెదిరిపోవడం, చిన్న లోహపు పిన్‌గా మార్చినప్పుడు ముఖమే గుర్తుపట్టలేకుండా పోవడం తరచుగా జరుగుతుంది. లోపం చాలావరకు బొమ్మ గీసిన క్రమంలోనే ఉంటుంది. అందువల్ల ఈ మార్గదర్శి మొత్తం ఒకే సూత్రం మీద నడుస్తుంది: జాబితాలో అన్నిటికంటే కష్టమైన వస్తువు కోసం ముందు గీయాలి, తేలికైన వాటికి ఆ తరువాత విస్తరించాలి.

వస్తువుల జాబితా తయారు చేసుకోవడం

పెన్సిల్ పట్టుకోవడానికి ముందే వ్యాపార యజమానితో కూర్చుని, ఈ బొమ్మ ఏయే వస్తువుల మీదికి వెళ్లబోతోందో రాసుకోవాలి. టీషర్టు, టోపీ, ఏప్రాన్, నూలు సంచి, కాఫీ మగ్గు, స్టిక్కరు, ఎనామెల్ పిన్, కీచెయిన్, దూది నింపిన మెత్తని బొమ్మ: సాధారణంగా జాబితా వీటి చుట్టూనే తిరుగుతుంది. ఒక్కో వస్తువు పక్కన మూడు వివరాలు చేర్చండి. బొమ్మకు దొరికే స్థలం ఎంత, దాన్ని ఏ పద్ధతిలో వేస్తారు, ఆ పద్ధతిలో నిలిచే అతి సన్నని గీత ఎంత.

మూడో వివరం యంత్రాన్ని బట్టీ వస్త్రాన్ని బట్టీ మారుతుంది కాబట్టి పని చేసిపెట్టే ప్రెస్‌ను అడిగి తెలుసుకోవడమే సరైన పద్ధతి. అయినా గీయడం మొదలుపెట్టడానికి సరిపోయే ఉజ్జాయింపు లెక్కలు ఉన్నాయి. సన్నని జాలి తెర గుండా సిరాను నెట్టి అచ్చు వేసే స్క్రీన్ ప్రింటింగ్‌లో 1 పాయింట్, అంటే సుమారు 0.35 మిల్లీమీటర్ల గీత నిలుస్తుంది. ముదురు రంగు మధ్యలో ఖాళీగా వదిలే గీత అయితే రెండు వైపుల నుంచీ సిరా వ్యాపించి దాన్ని మూసేస్తుంది కనుక దానికి ఇంచుమించు రెట్టింపు వెడల్పు ఇవ్వాలి. ఎంబ్రాయిడరీలో 1 మిల్లీమీటరు కంటే సన్నని కుట్టు పట్టీని నమ్ముకోకూడదు, 5 మిల్లీమీటర్ల కంటే పొట్టి అక్షరాలు చదవడానికి ఇబ్బంది పెడతాయి. ఎనామెల్ పిన్ మొత్తం కలిపి చాలావరకు 25 నుంచి 32 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది, అందులోనూ ప్రతి రంగు చుట్టూ లోహపు గట్టు ఉండాలి.

ఈ వివరాలన్నీ ఒకచోట చేరాక కష్టమైన వస్తువు ఏదో దానంతట అదే తేలిపోతుంది. చాలా సందర్భాల్లో అది టోపీ ముందు భాగంలో కుట్టే బొమ్మ అవుతుంది, ఎందుకంటే అక్కడ కుట్టుకు దొరికే ఎత్తు సాధారణంగా 50 నుంచి 60 మిల్లీమీటర్లే, పైగా ఆ స్థలం వంపు తిరిగి ఉంటుంది. ఇక ముందు చెప్పేదంతా 55 మిల్లీమీటర్ల ఎత్తున్న టోపీ బొమ్మను దృష్టిలో పెట్టుకుని చదవండి.

పాత్రను ఎంచుకోవడం

ఆహార వ్యాపారపు మస్కట్లు చాలావరకు మూడు దారుల్లో వస్తాయి. తినే పదార్థానికే కాళ్లూ చేతులూ ముఖమూ ఇవ్వడం ఒకటి, మనిషినో జంతువునో తీసుకోవడం ఇంకొకటి, వంటకు వాడే వస్తువును పాత్రగా మార్చడం మూడోది. మూడింటికీ వేటి చిక్కులు వాటికి ఉన్నాయి.

తినే పదార్థానికి ముఖం పెట్టినప్పుడు అది ఏం చేస్తున్నదన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. తన ఒంట్లోంచే ఒక ముక్క కోసి చేతికి అందిస్తున్న పాత్రనో, ఒక పక్క కొరికిన గుర్తుతో నవ్వుతున్న పాత్రనో చూసినప్పుడు చాలామందికి ఎక్కడో చిన్న ఇబ్బంది కలుగుతుంది. అటువంటి పాత్ర పలకరించవచ్చు, పళ్లెం మోయవచ్చు, దారి చూపించవచ్చు, కానీ తనను తాను వడ్డించుకోకపోవడమే మంచిది. మాంసం అమ్మే వ్యాపారానికి అదే జంతువును నవ్వుతూ నిలబెట్టడం కూడా ఈ కోవలోకే వస్తుంది, నేనైతే ఆ దారి వద్దనే చెబుతాను. యజమాని ముఖాన్నే మస్కట్‌గా గీయమని అడిగితే, ఆ వ్యక్తి వ్యాపారం నుంచి తప్పుకున్న తరువాత బొమ్మ ఏమవుతుందో ముందే మాట్లాడుకుని, రూపాన్ని వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

పదార్థానికే ప్రాణం పోసి నూరేళ్లకు పైగా నిలబెట్టిన ఉదాహరణ లేకపోలేదు. అమెరికాకు చెందిన ప్లాంటర్స్ సంస్థ 1916లో నిర్వహించిన పోటీకి ఆంటోనియో జెంటిలే అనే బడి పిల్లవాడు పంపిన వేరుశనగకాయ బొమ్మ నుంచి మిస్టర్ పీనట్ పుట్టాడు, పొడవాటి టోపీ, ఒంటికంటి అద్దం తరువాత మరో చిత్రకారుడి చేతిలో చేరాయి. ఆ పాత్ర ఎప్పుడూ మర్యాదస్తుడిలా నిలబడి పలకరిస్తుందే తప్ప తనను వలిచి పెట్టమని అడగదు.

ఈ మార్గదర్శిలో అడుగడుగునా చూపించడానికి ఒక ఊహాత్మక పాత్రను తీసుకుందాం. సూప్ అమ్మే దుకాణానికి గరిటె మస్కట్ కావాలనుకోండి. గరిటె గుంట తల అవుతుంది, కాడ ఒళ్లవుతుంది, పొట్టి చేతులు, రెండు బూట్లు చేరతాయి. వడ్డించడం దాని సహజమైన పని కాబట్టి పైన చెప్పిన ఇబ్బంది దీనికి లేదు. చిక్కల్లా మరోచోట ఉంది: గరిటె కాడ సన్నగా ఉంటుంది, గుంట లోహపు మెరుపుతో ఉంటుంది. సన్నదనాన్నీ మెరుపునూ కుట్టు యంత్రం ఏమాత్రం సహించదు.

ఛాయారూపం నిలబడేదాకా గీయడం

మొదటి చిత్తు బొమ్మలు బొటనవేలి గోరంత చిన్నవిగా, ముఖం లేకుండా, పూర్తిగా నల్లగా నింపి గీయండి. కళ్లు, నోరు పెట్టాలన్న కోరికను ఈ దశలో ఆపుకోవాలి, ఎందుకంటే ముఖం పడగానే ఎంత బలహీనమైన ఆకారమైనా ముద్దుగానే అనిపిస్తుంది. నల్లని ముద్దగా ఉన్నప్పుడు కూడా అది ఏమిటో, ఏం చేస్తున్నదో తెలిస్తేనే ఆకారం పనికొచ్చినట్టు. మిస్టర్ పీనట్‌ను నల్లగా నింపి చూసినా టోపీ, నడుము దగ్గర నొక్కినట్టున్న కాయ, చేతికర్ర మూడూ విడివిడిగా తెలుస్తాయి.

మన గరిటెను అలా నింపి చూస్తే అది గుండ్రని తల, కింద ఒక పుల్ల ఉన్న రూపంగా తేలుతుంది. అది చేతి అద్దం కావచ్చు, చెంచా కావచ్చు, పుల్ల మీది మిఠాయి కావచ్చు. ఇక్కడే అసలైన గీతల పని మొదలవుతుంది. గుంటను ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు తిప్పి, పై అంచున సూప్ జారవిడిచే చిన్న మూతి ఒకటి బయటకు లాగితే గుండ్రం విరిగి గరిటె గుర్తు వస్తుంది. తల మీంచి పైకి లేచే ఒకే ఒక ఆవిరి చుట్ట అది వేడి పదార్థం వడ్డించే వస్తువని చెబుతుంది. కాడను ఉన్నది ఉన్నట్టు ఉంచితే 55 మిల్లీమీటర్ల బొమ్మలో దాని వెడల్పు 2 మిల్లీమీటర్లకు పడిపోతుంది, దాని మీద చేతులు అతకడానికి చోటే ఉండదు. అందుకని కాడను తల వెడల్పులో సుమారు మూడో వంతుకు పెంచి, కిందికి వచ్చే కొద్దీ కొంచెం వెడల్పయ్యేలా గీయండి. నిజమైన గరిటెకు అలాంటి కాడ ఉండదు, అయినా చూసేవారు దాన్ని గరిటె కాడగానే తీసుకుంటారు.

చిన్న పరిమాణంలో ముఖం బతకాలంటే తల పెద్దదిగా ఉండాలి. మొత్తం ఎత్తు తల ఎత్తుకు రెండు లేదా రెండున్నర రెట్లు ఉంటే మర్చండైజ్‌కు, అంటే ఇలా బొమ్మ వేసి అమ్మే వస్తువులకు, అనువుగా ఉంటుంది. చేతులను ఒంటికి ఆనించి గీస్తే ఛాయారూపంలో మాయమైపోతాయి, కాబట్టి చేతికీ ఒంటికీ మధ్య ఖాళీ కనిపించే భంగిమలనే ఎంచుకోండి. ఆ ఖాళీ కూడా కొలిచి చూడవలసినదే, ఎందుకంటే టోపీ మీద 1.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్న ఖాళీని దారపు ఉబ్బు కప్పేస్తుంది.

ముఖం, మెరుపు: కొలతతో చేసే పని

రెండు తలల ఎత్తున్న పాత్ర 55 మిల్లీమీటర్లలో ఇమిడితే తలకు దక్కేది సుమారు 27 మిల్లీమీటర్లు. ఇందులో కన్ను 4 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకుండా, రెండు కళ్ల మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా, నోటి గీత 1.2 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. ఈ కొలతలతో గీయడం మొదలుపెట్టగానే ఏం వదిలేయాలో చేతికే తెలిసిపోతుంది. కనురెప్పల వెంట్రుకలు పోతాయి, పళ్ల మధ్య గీతలు పోయి పళ్లన్నీ ఒకే తెల్లని ఆకారమవుతాయి, ముక్కు చాలాసార్లు అనవసరమవుతుంది. కంట్లో తెల్లని మెరుపు చుక్క 1 మిల్లీమీటరుకు తగ్గితే కుట్టులో అది మెరుపులా కాక దారం తెగినట్టు కనిపిస్తుంది, కనుక దాన్ని పెద్దది చేయాలి లేదా తీసేయాలి.

లోహపు మెరుపు సంగతి కొంచెం వివరంగా చూడాలి. తెర మీద గరిటె గుంటను గీసేవారు బూడిద రంగు నుంచి తెలుపు దాకా మెల్లగా మారే గ్రేడియంట్ వేస్తారు, చూడడానికి నిగనిగలాడుతుంది. దారానికి ఆ మార్పు చేతకాదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో దాన్ని చుక్కలుగా విడగొట్టాలి, పిన్‌లో అసలు సాధ్యం కాదు. దాని బదులు లేత బూడిద రంగు గుంట మీద ఎడమ వైపు అంచు పొడవునా నెలవంక ఆకారంలో ఒకే ఒక తెల్లని పట్టీ గీసి, దాని కొనకు కాస్త ఎడంగా ఒక చిన్న గుండ్రని చుక్క పెట్టండి. పట్టీ మధ్యలో 2 మిల్లీమీటర్లు ఉండి కొనల దగ్గర సన్నబడాలి, చుక్క మాత్రం 1.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఈ రెండు ఆకారాలు చాలు, కన్ను దాన్ని లోహంగానే చదువుతుంది. ఇదే పట్టీని అచ్చులో, దారంలో, లోహంలో ఒకేలా వేయవచ్చు.

ఈ చిన్న రూపం సిద్ధమయ్యాకే పెద్ద రూపానికి వెళ్లాలి. టీషర్టు వీపు మీద 280 మిల్లీమీటర్ల వెడల్పున నిలబడే బొమ్మకు కాడ మీద రివెట్లు, బూట్లకు లేసులు, ఆవిరిలో రెండో చుట్ట చేర్చుకోవచ్చు. మధ్యస్థ పరిమాణానికి వీటిలో కొన్నింటిని ఉంచండి. ఇలా చిన్న, మధ్య, పెద్ద అని మూడు రూపాలను విడివిడిగా గీసి పెట్టడం అదనపు శ్రమే అయినా, ఒకే బొమ్మను కుదించి అన్నిచోట్లా వాడడం వల్ల వచ్చే నష్టం అంతకంటే చాలా ఎక్కువ.

రంగులు

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో తెర సిద్ధం చేయాలి, కాబట్టి రంగు పెరిగిన కొద్దీ ఖర్చూ, తెరలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరని ప్రమాదమూ పెరుగుతాయి. నలుపు, తెలుపు కాకుండా రెండు మూడు రంగులతో సరిపెట్టుకోవడం మంచిది. 1965లో లియో బర్నెట్ ప్రకటనల సంస్థలో రూడీ పెర్జ్ సృష్టించిన, పిండి ముద్దతో చేసినట్టుండే మస్కట్ పిల్స్‌బరీ డోబాయ్ దాదాపు మొత్తం తెల్లగానే ఉంటాడు, కళ్లలోనూ టోపీ మీది గుర్తులోనూ నీలం మెరుస్తుంది. మెత్తని ఆకారమే అతన్ని గుర్తుచేస్తుంది, రంగు దానికి తోడు మాత్రమే. 1966 నుంచి కనిపిస్తున్న అమూల్ పాప విషయంలో చుక్కల గౌను ఆ పని చేస్తుంది. గౌను రంగు తీసేసినా చుక్కలు మిగులుతాయి. మీ పాత్రకూ రంగు లేకపోయినా మిగిలే గుర్తు ఒకటి ఉండి తీరాలి.

రంగులను పాన్‌టోన్ సంఖ్యలతో, అంటే ముద్రణ రంగులకు సంఖ్యలు ఇచ్చే పట్టికతో, నిర్ణయించండి. అదే సంఖ్య నిగనిగలాడే కాగితానికి ఒకలా, మామూలు కాగితానికి ఒకలా కనిపిస్తుంది కనుక సంఖ్య చివర ఉండే సీ, యూ అక్షరాలను తప్పకుండా రాయాలి. ఆహార వ్యాపారాలకు ఇష్టమైన మండే నారింజ, పచ్చి ఆకుపచ్చ రంగులు నాలుగు రంగుల ముద్రణలోకి, అంటే సీఎంవైకేలోకి మారేటప్పుడు మట్టిపట్టినట్టు మసకబారతాయి. కాబట్టి వాటికి దగ్గరైన సీఎంవైకే విలువలను మీరే పరీక్షించి ఎంచి పెట్టాలి, సాఫ్ట్‌వేర్ తనంతట తాను మార్చిన విలువలను అలాగే వదిలేయకూడదు. దారానికి మరో పట్టిక ఉంటుంది. దారపు కంపెనీ రంగుల కార్డును చేతిలో పట్టుకుని పగటి వెలుతురులో చూసి సంఖ్య రాసుకోండి.

ముదురు వస్త్రం కోసం బొమ్మను తారుమారు చేయడం చాలా మంది చేసే పని, దాని ఫలితం భయంకరంగా ఉంటుంది. నలుపు తెలుపులు అటుఇటయితే కళ్లు తెల్లని గుంటలవుతాయి, పళ్లు నల్లబడతాయి. నల్లని బట్ట మీద ఒకే తెల్లని సిరాతో వేయవలసి వస్తే ఆ రూపాన్ని మొదటి నుంచి విడిగా గీయాలి: ఎక్కడ బట్ట రంగు నలుపుగా పని చేయాలి, ఎక్కడ సిరా వెలుగుగా పని చేయాలి అని ఒక్కో ఆకారానికీ నిర్ణయించుకోవాలి. గరిటె తల మొత్తం తెల్లగా నింపి, కళ్లనూ నోటినీ ఖాళీగా వదిలితే ముఖం చెక్కుచెదరదు. రంగుల రూపం ముదురు బట్ట మీదికి వెళ్లేటప్పుడు చుట్టూ 1 నుంచి 2 మిల్లీమీటర్ల తెల్లని అంచు ఉంటే నల్లని అవుట్‌లైన్ బట్టలో కలిసిపోకుండా నిలుస్తుంది.

మూల ఫైలు సిద్ధం చేయడం

చిత్తు బొమ్మను స్కాన్ చేసి, బొమ్మను బిందువులూ వంపులుగా దాచే వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో కింది పొరగా పెట్టి తాళం వేసి, పైన పెన్ టూల్‌తో మళ్లీ గీయండి. అడోబ్ ఇలస్ట్రేటర్, కోరెల్‌డ్రా, అఫినిటీ డిజైనర్ ఏదైనా పనికొస్తుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ కూడా ఈ పనికి పూర్తిగా సరిపోతుంది. ఫొటోను తనంతట తానే వెక్టర్‌గా మార్చే సదుపాయాన్ని మస్కట్‌కు వాడకండి. అది వంపు తిరిగే గీత పొడవునా వందల బిందువులు చల్లుతుంది, ఆ గీతను తరువాత కుట్టు యంత్రానికి కానీ, స్టిక్కర్ కోసే కత్తికి కానీ ఇచ్చినప్పుడు ప్రతి బిందువు దగ్గరా చిన్న తడబాటు కనిపిస్తుంది. వంపు మారే చోట మాత్రమే బిందువు పెట్టడం అలవాటు చేసుకోండి.

బొమ్మ పూర్తయ్యాక గీతలన్నిటినీ ఆకారాలుగా మార్చాలి, లేకపోతే మరో కంప్యూటర్‌లో పరిమాణం మార్చినప్పుడు గీత మందం మారకుండా ఉండిపోయి ముఖం పాడవుతుంది. తెరిచి ఉన్న గీతలు మూయాలి, ఒకదాని కింద ఒకటి దాక్కున్న అనవసర ఆకారాలు తీసేయాలి, అక్షరాలను అవుట్‌లైన్‌లుగా మార్చాలి. మార్పులు చేయడానికి వీలున్న పాత ప్రతిని మాత్రం విడిగా దాచుకోండి. క్రిటా, ప్రొక్రియేట్ వంటి చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లలో కుంచె గీతలతోనే గీయాలనుకుంటే అచ్చు పడే అసలు పరిమాణంలో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, పెట్టుకోవాలి: 12 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తున్న బొమ్మకు అది 3600, 4200 పిక్సెళ్లవుతుంది. ఆ పద్ధతిలో అంచులు సగం పారదర్శకంగా మిగిలిపోతే, ఫిల్మ్ మీద ముద్రించి వేడితో బట్ట మీదికి దింపే డీటీఎఫ్ వంటి, సిరా కింద తెల్లని పొర వేసే ముద్రణలో అంచు చుట్టూ తెల్లని మరకలా కనిపిస్తుంది.

భంగిమల పట్టిక

ఎదురుగా, ముప్పావు వంతు తిరిగి, పక్క నుంచి, వెనుక నుంచి: ఈ నాలుగు రూపాలు ఒకే కాగితం మీద, తల, భుజం, పాదం ఎత్తులు అడ్డగీతలతో సమానంగా ఉండేలా గీయాలి. మెత్తని బొమ్మ కుట్టేవారికి ఇది లేకుండా పని జరగదు. దాని పక్కన నాలుగైదు ముఖకవళికలు, అయిదారు భంగిమలు చేర్చండి. భంగిమలను వస్తువు చూసుకుని ఎంచుకోవాలి: మగ్గుకు అడ్డంగా పరుగెత్తే భంగిమ, సంచికి నిలువుగా నిలబడ్డ భంగిమ, స్టిక్కరుకు చేయెత్తి పలకరించే భంగిమ సరిపోతాయి. మన గరిటెకు మూతి ఒక పక్కే ఉంది కాబట్టి బొమ్మను అద్దంలోలా తిప్పవచ్చా లేదా అన్న నియమం కూడా ఈ పట్టికలోనే రాయాలి. తిప్పితే మెరుపు పట్టీ కూడా మరో వైపుకు పోతుంది, పక్కపక్కనే రెండు వస్తువులు పెట్టినప్పుడు వెలుతురు రెండు దిక్కుల నుంచి వస్తున్నట్టు కనిపిస్తుంది.

ఒక్కో వస్తువుకూ మలచడం

టీషర్టుకు ఎడమ ఛాతీ మీది బొమ్మ 90 నుంచి 100 మిల్లీమీటర్లు, ముందు భాగమంతా పరుచుకునే బొమ్మ 250 నుంచి 300 మిల్లీమీటర్లు వెడల్పు ఉండడం వాడుక. చాలా ప్రెస్‌లలో అన్ని సైజుల షర్టులకూ ఒకే తెర వాడతారు కాబట్టి, అతి చిన్న సైజు షర్టు మీద బొమ్మ చంకల దాకా పోకుండా చూసుకునే పరిమాణం ఎంచుకోండి. పెద్ద విస్తీర్ణమంతా ఒకే సిరాతో నింపితే ఛాతీ మీద ప్లాస్టిక్ పలక అతికించినట్టు బిగుసుకుంటుంది. బట్ట రంగునే ఒక రంగుగా వాడుకుని మధ్యలో ఖాళీలు వదిలితే బొమ్మా తేలికవుతుంది, తొడుక్కునేవారికీ హాయిగా ఉంటుంది. ముదురు బట్ట మీద రంగుల కింద తెల్లని పొర వేస్తారు. అది రంగు అంచు దాటి బయటకు కనిపించకుండా కొద్దిగా లోపలికి కుదిస్తారు. పక్కపక్క రంగులు 0.3 మిల్లీమీటర్ల మేర ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెడితే తెరలు కాస్త జరిగినా మధ్యలో బట్ట తొంగిచూడదు. మందమైన నల్లని అవుట్‌లైన్ ఈ ఎక్కుడును పూర్తిగా దాచేస్తుంది, మస్కట్లకు నేను దాన్ని గట్టిగా సిఫారసు చేయడానికి ముఖ్య కారణం అదే.

ఎంబ్రాయిడరీకి బొమ్మ ఫైలు నేరుగా పనికిరాదు. డిజిటైజింగ్ చేసేవారు ఒక్కో ఆకారానికీ కుట్టు దిశ, సాంద్రత నిర్ణయించి యంత్రానికి అర్థమయ్యే ఫైలు తయారు చేస్తారు. కుట్టు పడినప్పుడు దారం బట్టను లోపలికి లాగుతుంది కనుక గుండ్రం కోడిగుడ్డులా మారకుండా ఆకారాన్ని ముందే కొంచెం వెడల్పు చేస్తారు. గరిటె గుంటకు అడ్డంగా, కాడకు కోణంగా కుట్టు దిశ కావాలని మీరు బాణపు గుర్తులతో చూపిస్తే రెండు భాగాల మీద వెలుగు వేరువేరుగా పడి విడిగా కనిపిస్తాయి. ఎక్కువగా వాడే డీఎస్‌టీ ఫైలులో దారపు రంగులు ఉండవు. అందువల్ల ఏ క్రమంలో ఏ దారం ఎక్కించాలో విడిగా కాగితం మీద ఇవ్వాలి.

మగ్గు విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఎదురుగా చూసినప్పుడు మగ్గు చుట్టుకొలతలో మూడో వంతు మాత్రమే సరిగ్గా కనిపిస్తుంది, కాబట్టి మస్కట్ ఒక్కటీ ఆ భాగంలో ఇమిడిపోవాలి. కుడిచేత్తో పట్టుకునేవారికీ ఎడమచేత్తో పట్టుకునేవారికీ కనిపించాలంటే రెండు వైపులా రెండు భంగిమలు పెట్టండి. రెండోది ఆరోగ్యానికి సంబంధించినది: పెదవి తగిలే పై అంచు నుంచి 20 మిల్లీమీటర్ల లోపు అలంకరణ లేకుండా వదిలేయడం మంచి పద్ధతి. వేడితో సిరాను ఆవిరిగా మార్చి పూతలోకి ఎక్కించే సబ్లిమేషన్ ముద్రణలో తెల్లని సిరా ఉండదు, మగ్గు తెలుపే మీ తెలుపవుతుంది, కాబట్టి మన మెరుపు పట్టీని ఖాళీగా వదలాలి. వస్త్రాల్లో సబ్లిమేషన్ లేత రంగు పాలియెస్టర్ మీదే పట్టుకుంటుంది, నూలు మీద నిలవదు.

నూలు సంచి నేత గరుకుగా ఉంటుంది కనుక అక్కడ మధ్యస్థ రూపాన్ని వాడి, గీతలను ఇంకొంచెం లావు చేయండి. ఏప్రాన్ మీద జేబు కుట్లకూ మెడ పట్టీకీ దూరంగా బొమ్మను పెట్టాలి.

స్టిక్కరుకు కోత గీతను విడి పొరలో, విడి రంగుతో ఇవ్వాలి. కోత బయటకు 3 మిల్లీమీటర్ల రంగు సాగదీసి ఉంచాలి, ముఖ్యమైన గీతలు కోతకు 3 మిల్లీమీటర్లు లోపలే ఆగిపోవాలి. ఆవిరి చుట్ట వంటి సన్నని కొనల చుట్టూ కోత గీత మెలికలు తిరిగితే ఆ కొనలు మొదట చిరుగుతాయి, లేచిపోతాయి. కోత గీతను అక్కడ గుండ్రంగా దాటించి, మధ్యలో తెల్లని అంచు వదలండి.

పిన్‌లో ప్రతి రంగూ ఒక మూసిన గది కావాలి, గది గోడ సుమారు 0.3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గరిటె మూతి, చేతి కొన వంటివి ఒంటరిగా బయటకు పొడుచుకు వస్తే వంగిపోతాయి, కాబట్టి పిన్ కోసం చేతులను తల పక్కకు చేర్చిన భంగిమ గీయాలి. మెత్తని బొమ్మ చిన్నపిల్లల చేతికి వెళ్తుంది కనుక కళ్లకు గుండీలు పెట్టకుండా కుట్టుతోనే వేయమని పట్టికలో రాయండి.

నమూనా పరీక్షలు

ఫైలు పంపే ముందు బొమ్మను అసలు పరిమాణంలో కాగితం మీద ముద్రించి, కత్తిరించి, నిజమైన షర్టుకూ టోపీకీ మగ్గుకూ అతికించి మూడు మీటర్ల దూరం నుంచి చూడాలి. తెర మీద చూసి నిర్ణయించిన పరిమాణం ఇక్కడ తరచుగా మారుతుంది. పాత్ర గురించి ఏమీ తెలియని వారిని పిలిచి ఇది ఏమిటని మాత్రమే అడగండి, నచ్చిందా అని అడగవద్దు. ఆ తరువాత పెద్ద సంఖ్యలో ఆర్డరు పెట్టడానికి ముందు ప్రతి వస్తువుకూ ఒక నమూనా చేయించుకోవాలి. కుట్టు నమూనాను టోపీ మీదే చేయించండి, చదునైన గుడ్డ ముక్క మీద బాగా వచ్చినది వంపు మీద బాగా రాకపోవచ్చు. అచ్చు నమూనాను అయిదారు సార్లు ఉతికి, ఆరబెట్టి, పగుళ్లు, రంగు పోవడం, బట్ట ముడుచుకోవడం గమనించాలి. రంగును పాన్‌టోన్ పుస్తకం పక్కన పెట్టి పగటి వెలుతురులో పోల్చండి. ఆమోదించిన నమూనాల్లో ఒకటి ప్రెస్ దగ్గర, ఒకటి మీ దగ్గర తేదీ రాసి ఉంచాలి, రెండో విడత సరుకు వచ్చినప్పుడు పోల్చడానికి అదే కొలమానం.

ఫైళ్ల అప్పగింత, హక్కులు

యజమానికి ఇచ్చే ఫోల్డరులో మూడు పరిమాణాల వెక్టర్ ఫైళ్లు, వాటి పీడీఎఫ్, ఎస్‌వీజీ ప్రతులు, పారదర్శక నేపథ్యమున్న పీఎన్‌జీలు, ఒకే రంగు రూపాలు రెండు, భంగిమల పట్టిక, రంగుల సంఖ్యల కాగితం, కుట్టు ఫైలు ఉండాలి. ఫైలు పేరులోనే పరిమాణం, రంగుల సంఖ్య, ఏ బట్టకు ఉద్దేశించినదో కనిపించేలా పెడితే రెండేళ్ల తరువాత వేరొకరు తెరిచినా తడుముకోరు.

హక్కుల విషయం డబ్బు మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి. బొమ్మను దుకాణం బోర్డు మీద పెట్టుకోవడం వేరు, దాన్ని వేసిన వస్తువులను అమ్మి ఆదాయం సంపాదించడం వేరు. ఒప్పందంలో ఏయే రకాల వస్తువులు, ఎంత కాలం, ఏ ప్రాంతాల్లో అమ్మవచ్చో, హక్కులు పూర్తిగా బదిలీ అవుతున్నాయా లేక వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నారా అన్నది స్పష్టంగా రాయాలి. బొమ్మతో పాటు పేరుకు ఫాంట్ వాడి ఉంటే ఆ ఫాంట్ లైసెన్సు అమ్మకపు వస్తువులను అనుమతిస్తుందో లేదో చూడాలి. ట్రేడ్‌మార్క్ నమోదు చేసేటప్పుడు ఆహార పదార్థాల తరగతి ఒక్కటే చాలదు. ట్రేడ్‌మార్క్ కోసం వస్తువులనూ సేవలనూ తరగతులుగా విభజించే అంతర్జాతీయ నీస్ వర్గీకరణలో రెస్టారెంటు సేవలు 43వ తరగతిలో, దుస్తులు, టోపీలు 25లో, మగ్గులు 21లో, కాగితపు వస్తువులు, స్టిక్కర్లు 16లో, సంచులు 18లో, ఆటబొమ్మలు 28లో వస్తాయి. మొదట్లో రాసుకున్న వస్తువుల జాబితాను ఈ తరగతులతో సరిపోల్చి, అదే పేరుతోనో అదే పోలికతోనో ఆ తరగతుల్లో ఇప్పటికే నమోదైన గుర్తులు ఉన్నాయేమో చిత్తు బొమ్మల దశలోనే వెతకడం మేలు, ఎందుకంటే తెరలు సిద్ధమై సరుకు కుట్టాక పాత్ర రూపం మార్చడం అందరికీ భారమవుతుంది.